పడవ కొనివ్వని సంఘం: ఒక ప్రాంతీయ రోయింగ్ అసోసియేషన్ కేస్ స్టడీ

ప్రాంతీయ రోయింగ్ (తెడ్లతో పడవ లాగే ఆట) అసోసియేషన్ ఏం చేస్తుందని అడిగితే చాలామంది చెప్పే జవాబు "రెగట్టాలు (పడవ పందేలు) పెడుతుంది, సర్టిఫికెట్లు ఇస్తుంది" అని. కాస్త కోపంగా ఉన్నవాళ్లు "చందాలు వసూలు చేస్తుంది" అంటారు. రెండూ అబద్ధం కాదు. నేను అలాంటి ఒక సంఘం టెక్నికల్ కమిటీలో ఉన్నాను, అంపైరింగ్ కూడా చేస్తాను. జీతాలేమీ లేవు. అందరం వేరే ఉద్యోగాలు చేసుకుంటూ సెలవు రోజుల్లో చేసే పనే ఇది. గత కొన్ని సీజన్లలో మేము డబ్బు ఖర్చుపెట్టే తీరు మార్చుకున్నాం. ఎందుకు మార్చాం, ఏది పనిచేసింది, ఏది ఇంకా తేలలేదు అన్నది ఇక్కడ రాస్తున్నాను. క్లబ్బుల పేర్లు ఇవ్వడం లేదు. ఇలాంటి సంఘం ఎక్కడున్నా ఈ రకం క్లబ్బులే ఉంటాయి కాబట్టి పేర్లతో పెద్దగా పని లేదు.

ఎవరెవరున్నారు, ఏమడిగారు

మా పరిధిలో ఒక నది, దాని మీద ఒక రిజర్వాయర్ ఉన్నాయి. క్లబ్బులన్నీ ఒక స్థాయివి కావు. ఒకటి చాలా పాతది. సొంత బోట్‌హౌస్, ఎనిమిదిమంది లాగే ఎయిట్ పడవలు రెండు మూడు, జీతం తీసుకునే కోచ్ అన్నీ ఉన్నాయి. ఇంకొకటి ఉద్యోగుల క్లబ్. మరో రెండు క్లబ్బులు స్కూళ్లకు అనుబంధంగా నడుస్తాయి. మిగతావన్నీ చిన్నవి: కొన్ని సింగిల్ స్కల్స్ (ఒక్కరే రెండు తెడ్లతో లాగే పడవలు), నలుగురు లాగే ఒక పాత క్వాడ్, రేకుల షెడ్డు.

సర్వసభ్య సమావేశం ఎప్పుడు పెట్టినా చిన్న క్లబ్బుల డిమాండ్ ఒకటే, అసోసియేషన్ మాకు పడవ కొనివ్వాలని. అడగడంలో తప్పేమీ లేదు. రేసింగ్ పడవ అంటే ఇప్పుడు కార్బన్ ఫైబర్‌దే. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం సింగిల్ కనీసం 14 కిలోలు, ఎయిట్ కనీసం 96 కిలోలు ఉండాలి. ఆ బరువు దాకా తగ్గిస్తూ గట్టిదనం పోకుండా కట్టాలి కాబట్టే అంత ఖరీదు. ఒక్క ఎయిట్ కొంటే మా చందాలు కొన్ని సీజన్లవి అందులోకే పోతాయి. పైగా అది ఏ క్లబ్‌కి ఇచ్చినా మిగతావాళ్లు మొహం మాడ్చుకుంటారు. కొన్న మూడో నెలకే రేవు దగ్గర దాని అడుగున ఉండే ఫిన్ విరిగితే రిపేరు ఎవరు చేయించాలన్న పంచాయతీ మొదలవుతుంది.

అందుకని "కొనం" అని ఒక్కమాటలో చెప్పేయొచ్చు. కానీ కొనకపోతే మరేం చేస్తారన్న ప్రశ్నకు కమిటీ దగ్గర జవాబు లేదు. ఆ జవాబు వెతకడమే మేము చేసిన మొదటి పని.

రిజిస్టర్లు ఏం చెప్పాయి

ఎవరినీ అభిప్రాయాలు అడగలేదు. అడిగితే అందరూ పడవే అంటారని తెలుసు. పాత ఎంట్రీ ఫారాలు, రద్దయిన పోటీల ఉత్తరాలు, క్లబ్బులు ఏటా ఇచ్చే సభ్యుల జాబితాలు ముందేసుకుని కూర్చున్నాం.

రెండు విషయాలు బయటపడ్డాయి. మొదటిది, కొత్తగా చేరిన పిల్లల్లో మొదటి సీజన్‌లోనే ఏదో ఒక రేసులో పడవ ఎక్కినవాళ్ల పేర్లు మరుసటి ఏడాది జాబితాలో ఎక్కువగా కనిపిస్తున్నాయి. రేసు దొరకని పిల్లల పేర్లు మాయమవుతున్నాయి. స్కూల్ కోచ్ ఒకాయన ఈ మాట మాకు ముందే చెప్పాడు: "సర్, ఏడాదంతా ఎర్గ్ మీదే లాగించి వీళ్లని ఎలా నిలబెట్టమంటారు? ఎదురుగా గోడ తప్ప ఇంకేం కనపడదు." ఎర్గ్ అంటే ఎర్గోమీటర్, గది లోపల కూర్చుని లాగే సాధన యంత్రం. ఒంటికి మంచిదే. మనసుకు మాత్రం దానంత బోర్ ఇంకోటి లేదు.

రెండోది, రద్దయిన పోటీల్లో ఒక్కటి కూడా పడవలు లేక రద్దు కాలేదు. లైసెన్సున్న అంపైర్లు చాలకో, రక్షణ లాంచీలు చాలకో రద్దయ్యాయి. ఆరు లేన్ల రెగట్టాకి స్టార్టర్, పడవల ముక్కులు ఒకే వరసకు తెచ్చే అలైనర్, స్టార్ట్ జడ్జి, రేసు వెంట లాంచీలో వెళ్లే అంపైర్లు, ఫినిష్ దగ్గర జడ్జీలు, రేవులో పడవలు తనిఖీ చేసే కంట్రోల్ కమిషన్, పడవలో కూర్చుని దారి చూపే కాక్స్‌లను తూచేవాళ్లు, ఇంతమందీ కావాలి. ఒకరికి జ్వరం వస్తే కార్యక్రమమంతా వెనక్కి జరుగుతుంది. ఇద్దరికి వస్తే జూనియర్ల రేసులు తీసేస్తారు, ఎందుకంటే మొదట కోత పడేది ఎప్పుడూ వాళ్లకే.

అంటే చిన్న క్లబ్ పిల్లలు ఆట మానేయడానికి అసలు కారణం షెడ్డులో లేదు, ఒడ్డున ఉంది. అది ఏ క్లబ్బూ ఒంటరిగా సరిచేయగలిగింది కాదు. ఏ క్లబ్బూ తన డబ్బుతో అందరికీ పనికొచ్చే అంపైర్‌ని తయారు చేయదు. సంఘం అనేది ఉన్నది అలాంటి పనులకేనని నాకు అప్పుడు గట్టిగా అనిపించింది. ఇప్పటికీ అదే నా అభిప్రాయం.

అంపైర్ల తయారీ

మా అంపైర్లలో ఎక్కువమంది పాత క్లబ్ నుంచి వచ్చినవాళ్లు. నిజాయితీపరులే. అయినా తమ క్లబ్ పడవ పక్క లేన్‌లోకి జరిగినప్పుడు వాళ్లు కాస్త ఆలస్యంగా జెండా ఎత్తారని ఒడ్డున గుసగుసలు వస్తుండేవి. కొత్త అంపైర్లు మిగతా క్లబ్బుల నుంచి రావాలని అనుకున్నాం. ఆట మానేసిన పాత రోయర్లు, స్కూల్ టీచర్లు, ఎండలో గొడుగులేసుకుని నిలబడే తల్లిదండ్రులు, ఇలా ఎవరొస్తే వాళ్లని రమ్మన్నాం. తల్లిదండ్రుల్లో కొందరు చాలా బాగా తేలారు, నేనైతే ఊహించలేదు. ఆటలో పేరు తెచ్చుకోవాలన్న తాపత్రయం లేకపోవడం అంపైరింగ్‌కి కలిసొస్తుంది.

రూల్ బుక్ నేర్పడం తేలిక. రెండు సాయంత్రాలు కూర్చుంటే చాలు. అసలు చదువు నీళ్ల మీదే. స్టార్ట్ దగ్గర ఏం జరుగుతుందో కాస్త వివరంగా చెప్తాను. ప్రారంభ రేఖ దగ్గర తేలే చిన్న వేదికల మీద పిల్లలు బోర్లా పడుకుని ఒక్కో పడవ వెనక కొసను చేత్తో పట్టుకుని ఉంటారు. పక్కగాలి వీస్తే తేలికపాటి సింగిల్స్ ముక్కు తిరిగిపోతుంది. సరిచేసుకోవడానికి స్కల్లర్ ఒక తెడ్డుతో చిన్నగా తాకుతాడు, దాంతో పడవ ఒక చెయ్యి ముందుకు పోతుంది. అలైనర్ "రెండో లేన్, కొంచెం వెనక్కి" అంటాడు. రెండోది సరయ్యేలోపు ఐదోది తిరిగిపోతుంది. అన్నీ ఒక్క క్షణం వరసలోకి వస్తాయి. అప్పుడు స్టార్టర్ "అటెన్షన్" అని, ఎర్రజెండా ఎత్తి, స్పష్టంగా తెలిసేంత విరామమిచ్చి, "గో" అంటూ కిందికి దించాలి. కొత్తవాళ్లు ఇక్కడే తడబడతారు. వరస మళ్లీ చెదిరిపోతుందన్న టెన్షన్‌లో విరామం మింగేసి గబుక్కున దించేస్తారు. విరామం ప్రతిసారీ ఒకే పొడవు ఉన్నా ఇబ్బందే, పిల్లలు దాన్ని లెక్కపెట్టుకుని ముందే లాగేస్తారు. ఒకే రేసులో రెండుసార్లు ఫాల్స్ స్టార్ట్ చేసిన పడవను రేసు నుంచి తీసేస్తారు. స్టార్టర్ చెయ్యి వణికినందుకు పద్నాలుగేళ్ల పిల్ల ఏడుస్తూ రేవుకి రాకూడదు కదా.

లాంచీలో వెంట వెళ్లే అంపైర్‌కి ఇంకో రకం కష్టం. పడవ తన లేన్ వదిలి పక్కదానికి అడ్డొస్తుంటే తెల్లజెండా నిలువుగా ఎత్తి, ఆ క్లబ్ పేరు పిలిచి, ఎటు జరగాలో అటువైపు జెండా వాల్చాలి. అంతే. కోచింగ్ ఇవ్వకూడదు, గట్టిగా అరవకూడదు. లాంచీ వేగం కూడా చూసుకోవాలి. గబగబా ముందుకెళితే దాని అలలు వెనకబడిన పడవలను కొడతాయి. వెనకబడేది సాధారణంగా కొత్తవాళ్లే, వాళ్లనే మన అల ఊపేస్తే అంతకన్నా అన్యాయం ఉండదు.

కొత్తవాళ్లని ఒక సీజనంతా అనుభవజ్ఞుల పక్కన నిలబెట్టాం. ప్రయాణ ఖర్చులు సంఘం ఇచ్చింది. చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, అంపైర్లు మానేయడానికి పెద్ద కారణం డబ్బు లేకపోవడం కాదు, సొంత డబ్బు పెట్టుకుని వచ్చినా ఎవరూ గుర్తించకపోవడం. ఇంకో నిబంధన కూడా పెట్టాం: రెగట్టాకి ఎంట్రీలు పంపే ప్రతి క్లబ్బూ ఆ రోజుకి కనీసం ఒక అధికారిని పంపాలి, లేకపోతే ఎంట్రీ ఫీజు ఎక్కువ కట్టాలి. మొదటి ఏడాది తిట్లు తిన్నాం. రెండో ఏడాదికి అదొక అలవాటైపోయింది.

రేవు దగ్గర తనిఖీ

ఈ భాగం నాకు ఇష్టం కాబట్టి కాస్త ఎక్కువ రాస్తాను.

పడవ నీళ్లలోకి దిగే ముందు కంట్రోల్ కమిషన్ నాలుగైదు విషయాలు చూస్తుంది. ముక్కున బంతి ఉందా? తెల్లటి రబ్బరు బంతి, కనీసం 4 సెంటీమీటర్ల వ్యాసం. బొటనవేలితో నొక్కి, పక్కకి తోసి చూస్తాం. టేపుతో అంటించిందైతే ఊడి చేతికొస్తుంది. వెనక్కి చూస్తూ లాగే ఆట ఇది. ఎటు పోతున్నామో రోయర్‌కి కనపడదు, ఎక్కడి నుంచి వచ్చామో అదే కనపడుతుంది. ఢీకొంటే సూదిలాంటి ముక్కు ఎదుటివాడి వీపులోకి దిగకుండా ఆపేది ఆ బంతే.

తర్వాత బూట్లు. రోయర్ కాళ్లు పడవకే బిగించిన బూట్లలో ఉంటాయి. పడవ తలకిందులైతే చేతులు వాడకుండా కాళ్లు బయటికి రావాలి. అందుకే మడమ కింద నుంచి, బూట్లు బిగించి ఉండే ఫుట్‌బోర్డుకి ఒక తాడు కడతారు. రోయర్ కాలు లాగినప్పుడు మడమ కొంచెం లేవగానే ఆ తాడు బూటును ఆపేస్తుంది, పాదం జారి బయటికొస్తుంది. తాడు లేకపోతే బూటు పాదంతోపాటే లేస్తుంది, పాదం లోపలే ఇరుక్కుంటుంది. తనిఖీలో మడమ పట్టుకుని పైకి లాగి చూస్తాం. మొదట్లో చిన్న క్లబ్బుల పడవల్లో చాలావాటికి తాళ్లు పుచ్చిపోయి ఉండేవి, లేదా అస్సలు ఉండేవి కావు. పడవను వెనక్కి పంపడానికి బదులు ఒక తాడు చుట్ట, కత్తెర, ఇద్దరు వాలంటీర్లను రేవు పక్కనే కూర్చోబెట్టాం. అక్కడికక్కడే కట్టి పంపేవాళ్లు. తిప్పి పంపితే పిల్లల రేసు పోతుంది, చూసీచూడనట్టు వదిలేస్తే ఇంకేదో పోవచ్చు. ఈ రెండింటికీ మధ్య ఉన్న దారి ఆ తాడు చుట్ట. మా ఖర్చుల్లో అత్యంత చవకైనది, అత్యంత పనికొచ్చింది అదే.

మిగిలినవి గబగబా అయిపోతాయి: గాలి అరల మూతలు బిగించారా, పడవ పక్కన తెడ్డును మోసే రిగ్గర్ చట్రం నట్లు వదులుగా ఉన్నాయా, కాక్స్ బరువు సరిపోయిందా. కాక్స్‌కి అంతర్జాతీయ కనీస బరువు 55 కిలోలు. తక్కువైతే 15 కిలోల దాకా ఇసుక సంచిలాంటి బరువు పెట్టుకోవచ్చు. కాక్స్‌ని తిండి మాన్పించి తేలిక చేసే దురలవాటుకి ఈ రూలే అడ్డుకట్ట. సన్నగా ఉన్నందుకు లాభమే లేకపోతే కడుపు మాడ్చుకోవాల్సిన పని ఉండదు.

నీటి మీద ట్రాఫిక్

ఇది వివరించడం తేలిక, అమలు చేయడమే కష్టం. రిజర్వాయర్‌లో ఏ పడవ ఎటు వెళ్లాలి, ఎటు తిరిగి రావాలి, ఎక్కడ ఆగకూడదు అని ఒక్కటే మ్యాప్ గీసి అన్ని రేవుల్లోనూ అంటించాం. అంతకుముందు ఏ క్లబ్ మ్యాప్ దానిదే. పడవ తిరగబడితే ఈదుకుంటూ ఒడ్డుకి రాకూడదు, పడవనే పట్టుకుని ఉండాలి. ఎంత ఈత వచ్చినవాళ్లకైనా ఇదే నియమం. మెరుపు కనిపించాక 30 సెకన్లలోపు ఉరుము వినిపిస్తే అందరూ ఒడ్డుకి రావాలి, చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాలి. రెండు పాత లాంచీలు బాగుచేయించి సంఘం పేర ఉంచాం. సాధనకైనా పోటీకైనా ఏ క్లబ్బయినా ముందే చెప్పి తీసుకోవచ్చు, నడిపేవాడికి మా శిక్షణ ఉండాలి.

అప్పు పడవలు

పడవల డిమాండ్‌ని పూర్తిగా తోసేయలేదు. కొనే బదులు, ఉన్నవాటిని తిప్పాం. పెద్ద క్లబ్బుల షెడ్లలో పై ర్యాకుల మీద దుమ్ము పట్టి ఉన్న పడవలు అందరికీ తెలుసు. వాటిని ఒక సీజన్‌కి చిన్న క్లబ్‌కి అప్పుగా ఇస్తే, ట్రైలర్, రిపేర్లు సంఘం చూసుకుంటుందన్నాం.

పడవ వచ్చినంత మాత్రాన పిల్లలకి పనికిరాదు. పెద్దవాళ్లకి బిగించిన పడవలో తెడ్డు ఉండే గేటు పిల్లల గడ్డం దగ్గరికి వస్తుంది, నీళ్లలో తెడ్డు ముంచాలంటే భుజాలెత్తి లాగాల్సి వస్తుంది. నాలుగు రోజుల్లో వీపు నొప్పి. అందుకే పడవ చేతులు మారేటప్పుడు ఈ కొలతలు సరిచేసే మా రిగ్గింగ్ వాలంటీర్ ఒకరు 10 ఎంఎం స్పానర్, కొలతటేపు పట్టుకుని వెళతారు. గేటు కింద ఉన్న ప్లాస్టిక్ స్పేసర్లను తీసి పైన పెడితే గేటు కిందికి దిగుతుంది. ఫుట్‌బోర్డు ముందుకు జరుపుతారు. ఒక్కొక్కరూ రెండేసి తెడ్లు లాగే స్కల్లింగ్ పడవల్లో రెండు గేట్ల మధ్య దూరం మామూలుగా 158–160 సెంటీమీటర్లుంటుంది, అది కొలిచి సరిచూస్తారు. పాత కొలతలు మాస్కింగ్ టేపు మీద రాసి రిగ్గర్‌కే అంటిస్తారు, తిరిగి ఇచ్చేటప్పుడు మళ్లీ అలాగే బిగించి ఇవ్వడానికి. పెద్ద క్లబ్ మమ్మల్ని నమ్మింది ఆ టేపు ముక్కలు చూసేనేమో అని నా అనుమానం.

ఒక ఎయిట్ ట్రైలర్ మీద దెబ్బతిన్నాక పాత క్లబ్ తన ఎయిట్లన్నీ వెనక్కి తీసుకుంది. నాకు వాళ్ల మీద కోపం లేదు. ఇప్పుడు నలుగురు లాగే పడవలు, అంతకన్నా చిన్నవి మాత్రమే అప్పుకి తిరుగుతున్నాయి. నేర్చుకునే పిల్లలకి అవే మేలు కూడా. ఎయిట్‌లో దాక్కోవచ్చు, క్వాడ్‌లో దాక్కోలేరు.

ఎవరు అమెచ్యూర్?

మధ్యలో ఒక రగడ వచ్చింది. ఉద్యోగుల క్లబ్‌లో కొందరికి రోయింగ్ వల్లే ఉద్యోగాలొచ్చాయి కాబట్టి వాళ్లని మా అమెచ్యూర్ (డబ్బు కోసం కాక ఇష్టంతో ఆడేవాళ్ల) పోటీల నుంచి తప్పించాలని రెండు క్లబ్బులు తీర్మానం తెచ్చాయి. అన్యాయమేమీ లేదనిపించే వాదనే. కానీ ఈ ఆటకి ఆ దారిలో చాలా చెడ్డ చరిత్ర ఉంది. ఇంగ్లండ్‌లో 1882లో ఏర్పడిన అమెచ్యూర్ రోయింగ్ అసోసియేషన్ నియమాల ప్రకారం చేతిపని చేసేవాళ్లు, కూలీలు అమెచ్యూర్లే కారు. దాన్ని వ్యతిరేకించినవాళ్లు 1890లో వేరే సంఘం పెట్టుకున్నారు. రెండూ మళ్లీ కలవడానికి 1956 దాకా పట్టింది. అమెరికన్ జాన్ కెల్లీ తాపీపని చేసినవాడు. 1920లో ఇంగ్లండ్‌లోని పేరున్న హెన్లీ రెగట్టా ఆయన ఎంట్రీని తిరస్కరించింది. అదే ఏడాది ఆంట్‌వెర్ప్ ఒలింపిక్స్‌లో ఆయన సింగిల్ స్కల్స్ స్వర్ణం గెలిచాడు. 1947లో ఆయన కొడుకు అదే హెన్లీలో సింగిల్ స్కల్స్ పోటీ అయిన డైమండ్ స్కల్స్ గెలిచాడు.

ఈ కథంతా సమావేశంలో చెప్పాను. ఒక పెద్దాయన "ఏమయ్యా, మాకు పాఠం చెప్తున్నావా?" అన్నారు. అవునండీ అన్నాను. చివరికి మనిషి సంపాదన ఎక్కడిదని చూడకుండా, గెలుపులు చూసి తరగతులు చేశాం. ఒక్క రేసూ గెలవనివాళ్లు నోవిస్. గెలిచినకొద్దీ పై తరగతికి వెళ్లాలి. ఉద్యోగుల క్లబ్ వాళ్లంతా సహజంగానే పైకి చేరిపోయారు, కింద పిల్లలకి చోటు దొరికింది. తీర్మానం ఓటింగ్ దాకా రాలేదు.

తేలింది, తేలనిది

ఇప్పుడు మా క్యాలెండర్‌లో పెట్టిన పోటీలు జరుగుతున్నాయి. జూనియర్ రేసులు పొద్దున్నే పెడుతున్నాం, ఆలస్యమైతే కోత పెద్దవాళ్లకి పడేలా. చిన్న క్లబ్బుల జాబితాల్లో పాత పేర్లు రెండో ఏడాది కూడా కనపడుతున్నాయి. అమ్మాయిల క్వాడ్ ఎంట్రీలు అబ్బాయిలవాటితో సమానంగా రావడం మొదలైంది. దీనికి మేమేం చేశామో నాకు కచ్చితంగా చెప్పడం కష్టం. తనిఖీ రేవులో ఇద్దరు మహిళా అధికారులు ఉండటమే కారణమని స్కూల్ కోచ్ అంటాడు.

లాంచీ డ్రైవర్ల కొరత తీరలేదు. అంపైరింగ్‌కి గౌరవం ఉంది, ఎండలో రోజంతా ఖాళీ లాంచీలో కూర్చునేవాడికి లేదు. డ్రైవర్లకి అంపైర్లతో సమానంగా ఖర్చులివ్వాలన్న ప్రతిపాదన ఇంకా చర్చల్లోనే ఉంది.

కొత్త అంశం ఒకటి వచ్చింది. 2028 లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్‌లో సముద్రతీరంలో జరిగే రోయింగ్ పోటీ, బీచ్ స్ప్రింట్స్, చేర్చారు. పారిస్ 2024 తర్వాత లైట్ వెయిట్ (తక్కువ బరువున్న రోయర్ల) విభాగం తీసేశారు. దాంతో సన్నగా ఉండే రోయర్లకి ఈ కొత్త దారి ఆశగా కనపడుతోంది. ఒక క్లబ్ కోస్టల్ పడవ కొనివ్వమని ఉత్తరం రాసింది. ఆ పడవలు వెడల్పుగా, బరువుగా ఉంటాయి, అలల్లో నీళ్లు వాటంతటవే బయటికి పోతాయి. ఆట కూడా వేరు: ఇసుకలో పరుగెత్తి పడవెక్కాలి, బోయాల మధ్య వంకరగా లాగి, తిరిగి వచ్చి, దూకి మళ్లీ పరుగెత్తాలి. ఇద్దరిద్దరి మధ్య పోటీ. చూడ్డానికి బాగుంటుంది, పిల్లలు ఎగబడతారు కూడా. కానీ ఆ నిబంధనలు నేర్చుకున్న అంపైర్ మా దగ్గర ప్రస్తుతం ఒక్కరే ఉన్నారు. ఇంకో ఇద్దరిని శిక్షణకి పంపాకే పడవ విషయం అజెండాలో పెట్టమని కమిటీకి రాశాను.